కొడుకు చేతుల మీది మొక్కు

గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్లో రోజూ ఉండే పొద్దుటి హడావుడే. కోడలు శ్రావణి జడకు పెట్టుకోవాల్సిన రబ్బరు బ్యాండు పళ్ళ మధ్య బిగించి మిక్సీ తిప్పుతోంది. ఆఫీసు బస్సు ఎవరి కోసమూ ఆగదు. బాల్కనీలో బట్టలు తడపబోయిన బుచ్చమ్మ మాత్రం కొడుకు బనియను పట్టుకుని ఆగిపోయింది. చెమటకు అట్టలు కట్టి ఉంది. సరిహద్దు యుద్ధంలో భుజానికి గాయమై వచ్చిన నాటి నుంచి మంచం దిగనివాడు, ఈమధ్య వాకింగ్‌కని వెళ్తున్నాడు. వాకింగ్‌కు ఇంత చెమటా?

"నరేందర్, పొద్దుగాల ఏడికి పోతున్నవ్‌రా?"

ఇడ్లీ తింటున్న నరేందర్ దాచలేదు. "బాక్సింగ్‌కే అమ్మా. డాక్టర్ సరే అన్నడు. ఆదివారం పోటీ గూడ ఉంది."

బుచ్చమ్మ బనియను కింద పడేసింది. సైన్యంలో చేరకముందు నుంచీ వాడికి బాక్సింగే లోకం. కానీ గాయం కబురు తెలిసిన రోజు ఆమె కొమురెల్లి మల్లన్న పటం ముందు కూలబడి, బిడ్డ ప్రాణంతో వస్తే జన్మలో మళ్ళీ వాడిని పిడికిలి బిగించనివ్వనని మొక్కుకుంది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది.

"దేవునికి మాటిచ్చిన బిడ్డా. తప్పితే నిన్ను తీస్కపోతడు."

"నా చేతుల మీద మొక్కెటప్పుడు నన్నడిగినవా?" నరేందర్ గొంతులో కోపం కూడా లేదు, ఉన్నదంతా అలసటే. "యుద్ధంల నా పక్కన నిలవడ్డోడు పోయిండు. నేను మిగిలిన. తింటున్న, పంటున్న. గిందుకేనా నన్ను బతికిచ్చుకున్నవ్?"

శ్రావణి చట్నీ గిన్నె కింద పెట్టింది. "మొక్కింది మీరు కదా అత్తయ్యా. తీర్చాల్సింది ఆయనెలా అవుతారండీ?"

"నువ్ నడుమ రాకు!"

ఆ పూట ఇడ్లీలు ఎవరికీ సయించలేదు.

ఆదివారం పోటీకి బుచ్చమ్మ కూడా వెళ్ళింది. ముచ్చటపడి కాదు, ఏమన్నా అయితే కళ్ళ ముందుండాలని. కోడలి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. అవతలి కుర్రాడి దెబ్బకు నరేందర్ రింగు తాళ్ళ మీద పడ్డాడు. బుచ్చమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

తెరిచేసరికి వాడు లేచి నిలబడి నవ్వుతున్నాడు. పెదవి చిట్లి, ముఖమంతా చెమట. యుద్ధం నుంచి వచ్చాక ఆ ముఖంలో నవ్వు చూడటం ఇదే మొదలు. బుచ్చమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. మల్లన్న తిరిగి ఇచ్చిన ప్రాణాన్ని తన భయంతో తనే మంచానికి కట్టేసిందని అర్థమైంది.

"శ్రావణీ, కొమురెల్లికి తోల్కపోతవా? మొక్కు తప్పింది నేను. నా తలనీలాలిచ్చి, తప్పైందని మల్లన్న కాళ్ళు పట్టుకుంట."

శ్రావణి ఏడుస్తూ అత్తగారి చేయి పట్టుకుంది. "నేనూ వస్తానత్తయ్యా."

ఇంతలో రింగులో గాయమైన భుజం అలిసి, ముఖానికి అడ్డుపెట్టిన నరేందర్ ఎడమచేయి మెల్లగా కిందికి జారసాగింది. బుచ్చమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"చెయ్యెత్తు బిడ్డా! గట్టిగ పిడికిలి బిగియ్!"