చ్వాన్‌జౌ స్తంభం వెనక

“నాకెందుకో మనసు కీడు శంకిస్తందే ఛాయా. ఒంటరిగా ఎవరితోనూ పక్కకెల్లకు. ఎవరేటిచ్చినా తాగకు.”

భిలాయిలోని ఖుర్సీపార్ నుంచి ఫోన్‌లో తల్లి గున్నమ్మ.

“టూర్ గ్రూప్‌లోనే ఉన్నానమ్మా. నాన్న వెళ్లాడా?”

“ఇప్పుడే. ఫస్ట్ షిఫ్ట్ కదా. ఫర్నేస్ దగ్గరే.”

ఛాయ ఫోన్ పెట్టేసింది. చైనాలో 8.10. భిలాయిలో 5.40.

తల్లి దృష్టిలో కూతురు చైనాలో పాత రేవుపట్నం చ్వాన్‌జౌ చూడ్డానికి వెళ్లింది. ఆమె సీక్రెట్ ఏజెంటని రాయ్‌పూర్‌లోని చీఫ్ కౌండిన్యకు మాత్రమే తెలుసు. అతని బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది.

“భిలాయి స్టీల్ ప్లాంట్ ఫర్నేస్ కంట్రోల్ సిస్టమ్‌లో ఓ విదేశీ ముఠా వైరస్ పెట్టింది. సోమవారం ఉదయం మన టైమ్ ఆరింటికి పేలుడు. సిస్టమ్‌ను ముట్టుకున్నా, జనాన్ని బయటికి పంపినా ముందే పేల్చేస్తారు. ఆపే కోడ్ వాసవి దగ్గరుంది. డబుల్ ఏజెంట్. నమ్మకు.”

ఇవాళ సోమవారం.

చ్వాన్‌జౌలోని పాత బౌద్ధ గుడి వెనక నల్లరాతి స్తంభం. ఎప్పుడో సముద్రం దాటి వచ్చిన తమిళ వర్తకుల కాలం నాటి కృష్ణుడు దాని మీద. పక్కన ఎర్ర సిల్క్ గౌనులో ఓ అందగత్తె సెల్ఫీ తీసుకుంటోంది.

“ఇక్కడ వెన్న దొరుకుతుందా?” అంది ఛాయ.

“కుండ పగిలిపోయింది.”

గుర్తుమాట సరిపోయింది. వాసవి లిప్‌స్టిక్ తీసి చూపింది.

“చిప్ ఇందులోనే ఉంది. బదులుగా ఒక్క పేరు. మా ముఠాలో మీ మనిషి ఎవరు?”

“చెప్తే అతన్ని చంపేస్తారు.”

“చెప్పకపోతే?” వాసవి ఫోన్ తిప్పింది.

స్క్రీన్ మీద గున్నమ్మ. కుర్చీకి కట్టేశారు. తడి జుట్టుకు తువ్వాలు. వెనక ఇద్దరు ముసుగు మనుషులు.

“ఆ పేరేదో సెప్పీవే. నన్ను సంపేస్తారే!”

గొంతు అమ్మదే. భిలాయి టైమ్ 5.56.

ఛాయ స్క్రీన్‌కు దగ్గరగా వంగింది. పేరు నాలుక చివరికి వచ్చింది. అప్పుడు చూసింది ఆ తువ్వాలు. ఇంట్లోంచి ఎవరైనా ఊరెళ్తే, వాళ్లు తిరిగొచ్చేదాకా గున్నమ్మ తలస్నానం చెయ్యదు. నెత్తి జిడ్డు కారినా, పండగొచ్చినా సరే. ఎవరో పాత వీడియోలతో అమ్మను తయారుచేశారు.

“ఏఐ బొమ్మ బాగుంది దీదీ. మా ఇంటి పద్ధతే మీవాళ్లకు తెలీలేదు.”

వాసవి చెయ్యి పర్సులోకి వెళ్లింది. ఛాయ మోచెయ్యి అంతకంటే ముందే దవడకు తగిలింది. వాసవి కూలబడింది. పిస్టల్ రాతి మీద దొర్లింది. ఛాయ లిప్‌స్టిక్ విరిచి, చిప్‌ను తన ఫోన్‌కు తగిలించి, కౌండిన్యకు కోడ్ పంపింది.

5.59.

కౌండిన్య మెసేజ్ వచ్చింది: “సిస్టమ్ క్లియర్. పదకొండు సెకన్లు మిగిలాయి.”

ఛాయ వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. రింగ్. రింగ్. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఒకవేళ ఈ ఒక్కసారి అమ్మ తలస్నానం చేసి ఉంటే? ఇరవై నిమిషాలు అలా చేస్తూనే ఉంది.

పదిహేడో కాల్‌కి అటు నుంచి ఆయాసం వినిపించింది.

“ఏటే ఆ ఫోన్లు! మీ నాయిన క్యారేజీ మర్చిపోతే ప్లాంటు గేటుకాడికెల్లి ఇచ్చొచ్చాను. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. ఊరికే అంత కంగారు పడిపోతే ఎలాగే? ఎవరి పోలికొచ్చిందో నీకు!”