గేటు పక్క నల్లబల్ల

పెద్ద టీచరమ్మ బడి నుంచి ఇంటికి రాగానే ఆమె భర్త చేసే మొదటి పని ఒకటుంది. ఆమె ముక్కు మీద నుంచి కళ్ళజోడు మెల్లిగా తీసి, జేబులోని మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ తన చేత్తోనే పెట్టడం. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఆ ముచ్చట, కూతురు పదో తరగతికి వచ్చినా ఆగలేదు. చూసినవాళ్ళకి నవ్వొస్తుంది, లోలోపల కాస్త అసూయ కూడా కలుగుతుంది. అలాంటిది ఆ సాయంత్రం ఆయన చెయ్యి చాపితే ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది!

"ముందు మీ ముద్దుల కూతుర్ని పిలవండి" అంది.

సంచీలోంచి ఒక జవాబు పత్రం తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. ప్రీఫైనల్ లెక్కల పేపరు. పైన పేరూ రోల్ నంబరూ ముత్యాల్లా ఉన్నాయి. స్కేలు పెట్టి గీసిన మార్జిన్లు ఉన్నాయి. లోపల మాత్రం ఒక్క అంకె లేదు.

అత్తగారు కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసింది. "వెనక పేజీల్లో రాసిందేమో చూశావా అమ్మాయ్?"

"చూశాను అత్తయ్యా. తలకిందులుగా పెట్టి కూడా చూశాను."

ఆ పేపరు పిచ్చుకది. పుట్టినప్పటి నుంచి నోరు మూయని పిల్ల కాబట్టి ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. తల్లి పెద్ద టీచరుగా ఉన్న ప్రభుత్వ బళ్ళోనే చదువుతోంది. క్లాసులో ఎప్పుడూ తనే ఫస్టు. లెక్కలంటే చెవి కోసుకుంటుంది. అలాంటి పిల్ల, మూడు గంటలూ ఒక్క లెక్క కూడా ముట్టుకోకుండా కూర్చుని వచ్చింది!

పిచ్చుక వచ్చి బల్లకి అవతల నిలబడింది.

"ఏంటిది?"

"లెక్కల పేపర్, మేడమ్."

తల్లి గుండె కలుక్కుమంది. బళ్ళో నేను నీకు అమ్మని కాను, అందరి పిల్లల్లాగే మేడమ్ అని పిలవాలి అని ఆరో తరగతిలో చేరిన రోజున చెప్పింది తనే. పిల్ల ఆ మాట తప్పలేదు. కానీ గేటు దాటగానే "అమ్మా" అంటూ సంచీ లాక్కుని కబుర్లు మొదలుపెట్టేది. ఇంట్లో మేడమ్ అనడం ఇదే మొదలు.

"నీకు రాక వదిలేశావా?"

"అన్నీ వచ్చు."

"మరి?"

"ప్రీఫైనల్లో తప్పినవాళ్ళు ఆ ఏడు పబ్లిక్ పరీక్ష రాయకూడదని మన బడి రూలు కదా. నత్త తప్పుతుందని, దాన్ని ఆపేస్తారని పరీక్షకి ముందే అందరికీ తెలుసు. నేనూ తప్పాను. నన్నూ ఆపండి."

నత్త అంటే పిచ్చుక బెంచీలో పక్కన కూర్చునే పిల్ల. ఒక్కో అంకెనీ కుట్టుపని చేసినంత శ్రద్ధగా దిద్దుతుంది. సగం పేపరు కూడా కాకుండానే గంట కొట్టేస్తారు. పొద్దున్నే మేనమామ ఇస్త్రీ బండి దగ్గర బట్టలు మడతపెట్టి, వేళ్ళు కాలిన మచ్చలతో బడికొస్తుంది. ఈ ఏడు పరీక్ష రాయనివ్వకపోతే చదువు మానిపించి పూర్తిగా బండి దగ్గరే నిలబెడతానన్నాడు ఆ మేనమామ. అన్న నీడన బతుకుతున్న తల్లి ఎదురు చెప్పలేదు.

"వచ్చే ఏడు రాసుకుంటుంది. దాని మంచికే కదా ఆపేది" అంది టీచరమ్మ.

"అలా ఆపేసినవాళ్ళలో మళ్ళీ ఏడు తిరిగొచ్చింది ఎవరు మేడమ్? ఒక్క పేరు చెప్పండి."

టీచరమ్మ జవాబు పత్రాన్ని బల్ల మీద బోర్లించింది.

"నోరు మూసుకో!" అని అరిచింది. "నేనొచ్చేసరికి ఆ బడికి కిటికీ రెక్కల్లేవు తెలుసా? మూసేసి పిల్లల్ని వేరే చోటికి తోలేద్దామన్నారు. గేటు పక్క నల్లబల్ల మీద 'ఉత్తీర్ణత నూటికి నూరు' అని రాసిన ఏడు నుంచే జనం మళ్ళీ పిల్లల్ని పంపారు. ఆ నూరే లేకపోతే ఇవాళ నీ నత్తకి కూర్చోడానికి బెంచీ కూడా ఉండేది కాదు!"

"ఆ నూరులో నత్త లేదు కదమ్మా" అంది పిచ్చుక. అలవాటుగా అమ్మా అని వచ్చేసినందుకు పెదవి కొరుక్కుని, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

అత్తగారు నిట్టూర్చింది. "పంతంలో ఎవరి పోలికో నేను చెప్పను. చెబితే ఇంట్లో ఉండనివ్వరు."

ఆ తర్వాత పిచ్చుక మాట్లాడని ఇల్లు ఇల్లులా లేదు. రూలు పాటిస్తే టీచరమ్మ కడుపున పుట్టిన పిల్లకి ఏడాది పోతుంది. కూతురి కోసం తప్పిస్తే, ఇన్నేళ్ళూ ఆపేసిన పిల్లల ముందు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? భర్త టీ కప్పు తెచ్చి పక్కన పెట్టి, చల్లారితే తీసుకెళ్ళి మళ్ళీ వేడిచేసి తెచ్చాడు. ఆ వేడికే ఆమెకి ఏడుపొచ్చింది.

పరీక్షకి పేర్లు పంపాల్సిన గడువు దగ్గరపడింది. లెక్కల మాస్టారు ఆమె గదిలోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మాయికి ఆ రోజు ఒంట్లో బాగాలేదని మళ్ళీ పరీక్ష పెట్టేద్దాం మేడమ్. మనలో మన మాట, ఎవరడుగుతారు?"

ఎంత తేలికైన దారి! కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తోంది. పిచ్చుకా నత్తా ఒకే టిఫిన్ డబ్బా ముందు కూర్చున్నారు. మూత ఒకరిది, డబ్బా ఒకరిది.

"పెట్టండి. ఇద్దరికీ పెట్టండి. కాపలాకి నేనే కూర్చుంటాను. ఆ గదికి వినపడేలా గంట మాత్రం కొట్టించకండి."

పిచ్చుక చకచకా రాసేసి పేపరిచ్చి వెళ్ళిపోయింది. నత్త రాస్తూనే ఉంది. టీచరమ్మ ఆ పిల్ల వెనక నిలబడి చూసింది. కొట్టివేతలు లేవు. తడబాట్లు లేవు. ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు, దీపాలు వెలిగించుకుంటూ నడిచినట్టు. బళ్ళో అందరూ వెళ్ళిపోయారు. వాచ్‌మన్ తాళాల గుత్తి గలగలలాడిస్తూ రెండుసార్లు తొంగి చూశాడు. నత్త భయంగా తలెత్తింది.

"అయిపోవాలా మేడమ్?"

"వద్దమ్మా. నువ్వు రాసుకో."

పేపరు దిద్దుతుంటే ఆమె ఎర్ర పెన్ను తప్పుల దగ్గర కంటే ఒప్పుల దగ్గరే ఎక్కువసార్లు ఆగింది. చదువు రాక తప్పిన పిల్ల కాదు ఇది. చెయ్యి వెనకబడి తప్పిన పిల్ల. ఇన్నేళ్ళలో ఇలాంటివాళ్ళు ఇంకెందరున్నారో అనుకునేసరికి కుర్చీలోంచి లేవలేకపోయింది.

మర్నాడు ఒక్కరినీ ఆపకుండా అందరి పేర్లూ పంపించేసింది.

"నూరు పోతుందేమో మేడమ్" అన్నాడు లెక్కల మాస్టారు.

"పోతుంది" అంది ఆమె.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అడక్కుండానే మొహం భర్త ముందుకి చాపింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. తిరిగి పెట్టబోయి ఆగాడు. కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి మరి... జోడు జేబులో వేసుకుని, అదే గుడ్డతో ఆ కళ్ళూ తుడిచాడు.

"షాపులో అందరికీ ఈ సేవ ఉందా?" అంది ఆమె ఏడుస్తూనే.

"పాత కస్టమర్లకే" అన్నాడాయన.

ఆ రోజు నుంచి నత్తకి వాళ్ళ వరండాలోనే చదువు. పిచ్చుక ప్రశ్నలు చదవడం, నత్త గడువులోగా రాయడం, అత్తగారు పళ్ళెం మీద గరిటెతో గంట కొట్టడం. "ఈ వయసులో నాకు ప్యూను ఉద్యోగం దొరికిందిరా" అని ఆవిడ మురిసిపోయేది. వారం వారం నత్త చెయ్యి కాస్త కాస్త వేగం పుంజుకుంది. అయినా పబ్లిక్ పరీక్షకి ఆ వేగం చాలుతుందో లేదో ఎవరికీ తెలియదు.

ఫలితాలు వచ్చాయి. పిచ్చుక బడికి ఫస్టు వచ్చింది. నత్త లెక్కలు గట్టెక్కింది. అన్నింటికంటే ఎక్కువ రాయాల్సిన సోషల్ దగ్గర తప్పింది. బడి మొత్తమ్మీద తప్పింది ఆ ఒక్క పిల్లే.

గేటు దగ్గర జనం మూగారు. అందరి కళ్ళూ నల్లబల్ల మీదే ఉన్నాయి. ఇంతలో జనాన్ని తోసుకుంటూ నత్త మేనమామ వచ్చాడు. వెనకాల ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో నత్త. పిచ్చుక పరుగున వెళ్ళి దాని చెయ్యి పట్టుకుంది.

"ఇదిగో మేడమ్, ఇది ఒక్కదాంట్లోనే పోయిందటగా? మిగతావన్నీ పాసేనా?" అన్నాడాయన.

"అన్నీ పాసే. లెక్కలతో సహా."

ఆయన మెడ గోక్కున్నాడు. "మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవ్వరూ ఒక్కటైనా పాసవలేదండీ. ఇది వచ్చినవన్నీ వదిలేసి ఆ ఒక్కదాని కోసం రాత్రి నుంచి ఏడుస్తోంది. మళ్ళీ ఎప్పుడు రాయొచ్చో చెప్పండి. అందాకా బండి నేనే చూసుకుంటాలెండి."

"వచ్చే నెలలోనే రాయొచ్చు" అంది టీచరమ్మ. "రేపట్నుంచి మా వరండాకి రమ్మనండి... గంట కొట్టేవాళ్ళు ఎదురుచూస్తుంటారు."

నత్త ఉబ్బిన మొహంలోనే చిన్న నవ్వు మెరిసింది.

టీచరమ్మ స్టూలు తెప్పించుకుంది. లెక్కల మాస్టారు డస్టరు అందించబోతే వద్దంది. స్టూలెక్కి, ఏటేటా తన చేత్తోనే రాసుకున్న ఆ నూరుని తన అరచేత్తోనే తుడిచింది. చెరుగుతుంటే ప్రాణం ఉసూరుమనలేదంటే అబద్ధమే. కానీ ఏదో బరువు దిగింది కూడా. స్టూలు కాస్త ఊగింది. కింద నుంచి రెండు చేతులు గట్టిగా పట్టుకున్నాయి.

"మెల్లిగా అమ్మా, పడతావు."

బడి గేటు లోపల, అంతమంది ముందు. టీచరమ్మ కిందికి చూసింది. పిచ్చుక కూడా అప్పుడే గుర్తొచ్చినట్టు నాలుక కరుచుకుంది. ఇంకెప్పుడైనా అయితే 'మేడమ్ అను' అనేది టీచరమ్మ. ఇప్పుడు అనలేదు.

"గట్టిగా పట్టుకో తల్లీ" అంది.

ఉత్తీర్ణత దగ్గర కొత్త అంకె రాసింది. దాని కింద ఇంకో వరుస చేర్చింది: 'పరీక్షకి కూర్చున్నవారు: అందరూ.'

సుద్దపొడి రాలి కళ్ళజోడు నిండా పడింది. అద్దాల్లోంచి లోకమంతా తెల్లగా, మసకగా కనిపిస్తోంది. ఆమె తుడుచుకోలేదు. సాయంత్రం ఇంటి దగ్గర తుడిచేవాళ్ళున్నారు.