ఎవరూ వినని ఫోను

చిక్కబళ్ళాపుర గూఢచారి ఆఫీసులో ఆ పొద్దున హత్యకు గురైంది చీఫ్ సుబ్బరాయప్ప ఫోను. ఆయన దాన్ని బకెట్ నీళ్ళలో ముంచి, పైన చెంబు పెట్టి అదిమాడు.

"ఎవురూ వినరని చెప్పి అమ్మినారు కదప్పా! వాళ్ళే వింటాండారు."

ఆ 'గుప్త్' ప్రైవసీ ఫోన్లు వద్దని ఏజెంట్ దేవరాజ్ మొదటినుంచీ మొత్తుకున్నాడు. తన మాటే నిజమైనందుకు సంతోషం కలగాలి. ఒళ్ళు మండింది, అంతే.

బ్రీఫింగ్ చిన్నది. గుప్త్ కంపెనీ వెనక విదేశీ ముఠా ఉంది. ఫోన్లలో దొంగిలించిన మాటల్ని తమ ఆన్‌లైన్ గేమ్ 'పైరు రాజ్యం'లో కలిపి దేశం దాటిస్తోంది. నెట్ లేకపోతే ఆ గేమ్‌లో ఒక్క మొక్కా మొలవదు. అందుకే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ముఠాలో మన మనిషి హేమావతి. ఆమె చీఫ్‌తో మాట్లాడిందంతా ఈ ఫోన్‌లోనే. మధ్యాహ్నం ఆ రికార్డింగులు బయటికి పోతాయి. ఆమె గొంతు గుర్తుపడితే ఆమె రేపటిని చూడదు.

"చింతామణి సంతలో వాళ్ళ వ్యాన్ ఉండాది. అప్‌లోడ్ ఆపే కోడ్ పొద్దున్నే మార్చినారంట. ఆయమ్మకి తెలుసు. నోటితో చెప్పేదానికి లేదు, మెడలో ఆ గుప్త్ ఫోనే వేలాడతా ఉంటాది."

"మన జామర్?"

"తీసుకుపో. కొత్తది."

పశువుల సంతలో దేవరాజ్ దళారి వేషంలో, ఒక ఆవు పక్కన నిలబడి జామర్ నొక్కాడు. 'లాగిన్ కోసం ఇంటర్నెట్ అవసరం' అంది అది. నెట్‌ను ఆపే యంత్రం నెట్ అడుగుతోంది! మనసులోనే తిట్టుకున్నాడు, అదీ గొంతు తగ్గించి. ఈ ఉద్యోగంలో తన ఆలోచనలకు కూడా గుసగుసలాడే అలవాటు పట్టుకుంది.

హేమావతి వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఆకుపచ్చ పట్టుచీర, మెడలో ఫోను, పక్కన ముఠా మేనేజర్ మోహన్‌కుమార్. వ్యాన్ దగ్గర వాళ్ళు పెట్టిన గేమ్ పోటీలో మొదటి బహుమతి నిజమైన ఆవు. కొనడానికి వచ్చారు.

"ఏమప్పా, ఈ ఆవు ఎంత?"

"నోటితో చెప్పే బేరమా అమ్మా ఇది?" దేవరాజ్ భుజం మీది టవల్ తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

"ఏందీ నాటకం?" అన్నాడు మోహన్‌కుమార్.

పక్కనున్న ముసలి దళారి వెంకటప్ప కసిరాడు. "సంత మర్యాదప్పా! లోపల వేళ్ళు పట్టుకొని ధర చెప్పేది. పక్కోనికి తెలీగూడదు. అంత దూరం జరుగు నువ్వు!"

మోహన్‌కుమార్ జరిగాడు.

టవల్ కింద ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. అతని మూడు వేళ్ళు పట్టి వదిలింది. ఒకటి. నాలుగు. రెండు. చివర అయిదూ గట్టిగా పట్టుకుంది. అది అంకెనా, భయమా?

"గిట్టదమ్మా," అని అతను వ్యాన్ దగ్గరికి నడిచాడు. పోటీ కోసం పెట్టిన టాబ్లెట్‌లో 'మేనేజర్ లాగిన్' అన్నచోట నొక్కాడు. ముందు ప్రకటన వచ్చింది. 'గుప్త్: మీ మాట మీదే!' దాటేయడానికి బటన్ లేదు. కింద అప్‌లోడ్ గీత నిండుతోంది. ప్రకటనలో ఒక కుటుంబం తీరిగ్గా నవ్వుతోంది. వాళ్ళందరి పీకలూ పిసికేయాలనిపించింది అతనికి.

ప్రకటన ముగిసింది. కోడ్‌కు నాలుగే గళ్ళు. అయితే ఆ అయిదు భయం.

మూడు, ఒకటి, నాలుగు, రెండు. తొంభైతొమ్మిది శాతం దగ్గర గీత ఆగి, గేమ్‌తో సహా ఆరిపోయింది.

"నా శెనక్కాయ చేను యాడబోయిందిరా!" అని పోటీ ఆడేవాళ్ళు అరిచారు. పరిగెత్తబోయిన మోహన్‌కుమార్‌ను సంతలో కాపు కాసిన మఫ్టీ పోలీసులు పట్టుకున్నారు. హేమావతి మెడలోని ఫోను తీసి కుడితి తొట్టిలో పడేసింది.

దేవరాజ్ చెప్పిందంతా విని సుబ్బరాయప్ప మెచ్చుకున్నాడు.

"మన డిపార్ట్‌మెంటుకంతా ఆ టవల్ తెప్పిద్దాం. దాని యాప్ యాడ దొరుకుతాదప్పా?"