ఆపరేషన్ తిరుగునీరు

వాల్వ్ ఆపరేటర్‌ని చంపినవాళ్లు అతని వాచీ ముట్టుకోలేదు, ఫోన్ ముట్టుకోలేదు. నడుముకు వేలాడే తాళంచెవిని మాత్రం కత్తిరించుకుపోయారు. నగరం ఉత్తరపు వైపుకి నీళ్లు పంపే మెయిన్ లైనుని మూసే చక్రం తాళం అది.

ఇరవై నిమిషాల్లో ఏజెంట్ వాషర్ హెడ్‌క్వార్టర్స్‌లో ఉన్నాడు. వాషర్ అనేది కోడ్ నేమ్. జల భద్రతా విభాగంలో చేరకముందు అతను ప్లంబర్. ఎక్కడ లీకైనా అడ్డం పడతాడని ఆ పేరు పెట్టానని చీఫ్ గర్వంగా చెప్పుకుంటాడు. అరిగాక తీసి పారేయడం కూడా సులువేనని వాషర్ మనసులో అనుకుంటాడు గానీ పైకి అనడు.

బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో ముగిసింది. విదేశీ ముఠా ప్లాన్ విన్నాక దానికంతకంటే ఎక్కువ సమయం అక్కర్లేదు. చక్రం గది అప్పటికే వాళ్ల చేతుల్లో ఉంది, పది గంటలకు మెయిన్ మూస్తారు. లైనులో ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ పోయిన పైపుకి మంచీ చెడూ ఉండవు, ఏది అందితే అది వెనక్కి పీల్చుకుంటుంది. ఎక్కడో ఒకచోట విషపు డ్రమ్ములో మునిగిన పైపు ఒకటి ఉంటే చాలు. మళ్లీ చక్రం తిప్పగానే ఆ విషం నాలుగు వందల ఇళ్ల వంటింటి కుళాయిల్లోకి పోతుంది.

"ఎక్కడన్నది తెలీదు. గంట టైముంది," అన్నాడు చీఫ్. "మ్యాపుల్లో లేని పాత లైన్లు తెలిసినవాడెవడో వాళ్లకి పనిచేస్తున్నాడు. మనూరి ప్లంబరే అయ్యుంటాడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాషర్ కూర్చున్నచోటే ఇబ్బందిగా కదిలాడు. చీఫ్ పైపు అన్నప్పుడల్లా అతనికి సొంత పెరడే కళ్లముందు ఆడుతోంది. మూడేళ్ల కిందట అతని భార్య కుళాయి నీళ్లు తాగి చనిపోయింది. నీళ్లలో పురుగుల మందు ఉందన్నారు డాక్టర్లు. ఆ రోజు నీళ్ల ఆఫీసు చెప్పాపెట్టకుండా మెయిన్ మూసిన మాట నిజం. ఆమె తండ్రి, వాషర్‌కి పైపు పని నేర్పిన మేస్త్రి, తప్పంతా ఆఫీసుదేనని నమ్మాడు. ప్రతి ఇంటి మీటరు దగ్గరా నీళ్లని వెనక్కి పోనివ్వని వాల్వ్ బిగించమని అర్జీల మీద అర్జీలు పెట్టాడు. రాత రాని ఆ పెద్దాయనకి ఆ అర్జీలన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసిచ్చింది వాషరే. మందు నీళ్లలోకి ఎక్కణ్నించి వచ్చిందో తెలిసినవాడూ వాషర్ ఒక్కడే. ఆ మాట మాత్రం ఏ అర్జీలోనూ రాయలేదు.

తొమ్మిదింబావుకి అతను ఖాకీ చొక్కా, అతికించిన మీసం, చంకలో రీడింగుల పుస్తకంతో మీటర్ రీడర్ అయిపోయాడు. చేతి వాచీలో టైముతోబాటు మెయిన్ లైను ప్రెషర్ కూడా కనిపిస్తుంది. జేబులో పెన్నులా కనిపించేది పెన్ను కాదు, మత్తు సూది.

బస్టాపులో నల్ల కళ్లద్దాలు, ఎర్ర గౌను, దేశాల సరిహద్దుల్ని లెక్కచెయ్యని సెంటు వాసన. ముఠా తమ మనిషనుకునే, చీఫ్ కూడా తన మనిషనుకునే మేడమ్ రూబీ.

"మీ వీధిలో నీళ్లొస్తున్నాయా?"

"వస్తాయి గానీ మేడెక్కవు," అంది రూబీ. కోడ్ కలిసింది. పెదవులు కదపకుండా మిగతాది చెప్పేసింది. చోటు గుట్ట మీద మూతపడిన లాండ్రీ. పైపు బిగించింది ఒక ముసలి మేస్త్రి. డ్రమ్ములో ఉన్నది ఒట్టి రంగునీళ్లని ఆయనకి నచ్చజెప్పారు. ప్రతి కుళాయిలోంచీ ఎర్రనీళ్లు కారితే ఆఫీసు పరువు బజారున పడి, ఆ వాల్వులు పెట్టక తప్పదని ఆయన ఆశ.

"ఆయనకి ఒక కూతురుండేదట," అంది రూబీ.

"తెలుసు," అన్నాడు వాషర్. అతుకు మీసాన్ని మళ్లీ నొక్కి సరిచేసుకున్నాడు. రూబీ అతన్ని వెంటబెట్టుకుని గుట్టవైపు నడిచింది.

లాండ్రీలో తుప్పు కొక్కేలకి నంబరు బిళ్లలు ఇంకా వేలాడుతున్నాయి. ఇస్త్రీ బల్లల వెనక కోటు వేసుకున్న విదేశీ బాస్, అతని పక్కన నీలం డ్రమ్ము, డ్రమ్ములోంచి గోడలోకి పోయే లావుపాటి పైపు. ఆ పైపుని తెరిచే చిన్న లివరు. లివరు మీద మేస్త్రి చెయ్యి. వేళ్ల సందుల్లో నల్లటి గ్రీజు, వాషర్‌కి తల నిమిరి పని నేర్పిన చెయ్యి.

బాస్ తుపాకీ తీసేలోపే రూబీ లిప్‌స్టిక్ అతని మెడకి ఆనింది. అందులోంచి వచ్చేది రంగు కాదని అతనికి బాగా తెలుసు. తుపాకీ కింద పడింది. వాచీ చూశాడు వాషర్. పది గంటలు. ప్రెషర్ ముల్లు జారుతోంది. పెన్ను వాడితే మేస్త్రి ఒరిగేది లివరు మీదికే. పావు మలుపు చాలు.

"మావయ్యా, అది రంగు కాదు, విషం. పొద్దున వాల్వ్ ఆపరేటర్‌ని చంపింది వీళ్లే."

"మీసం పెట్టుకుంటే పోల్చుకోననుకున్నావా అల్లుడూ?" మేస్త్రి గొంతులో కోపం కూడా లేదు, అలసటే ఉంది. "నా పిల్లని చంపిన ఆఫీసు ఉప్పు తింటున్నావు. వాళ్లు చెప్పమన్నది చెప్తావు. పక్కకి జరుగు."

ముల్లు సున్నాకి వచ్చింది. లివరు కదలబోయింది. వాషర్‌కి ఇక చేతిలో ఏ పరికరమూ మిగల్లేదు. ఉన్నది ఒక్క నిజం, మూడేళ్లుగా గొంతులో అడ్డంపడ్డది.

"ఆ మందు మన పెరట్లోదే మావయ్యా. మొక్కలకి కొడదామని బకెట్లో కలుపుతున్నా. డ్యూటీకి రమ్మని ఫోనొచ్చింది. పైపు బకెట్లోనే వదిలేసి, కుళాయి కట్టకుండా వెళ్లిపోయా. మెయిన్ మూసినప్పుడు పైపు ఆ బకెట్లో మందే ఇంట్లోకి లాక్కుపోయింది."

పైపు మూతి ఎప్పుడూ బకెట్ అంచుకి జానెడు పైన వేలాడాలి, నీళ్లని ముద్దుపెట్టుకోకూడదు. పనిలో చేరిన మొదటి రోజు మేస్త్రి చెప్పిన పాఠం అది. తప్పితే చేతిమీద కొట్టేవాడు.

"నేనొచ్చేసరికి బకెట్ బోర్లించి ఉంది," అన్నాడు మేస్త్రి.

"నేనే కడిగా. పైపు చుట్ట చుట్టి మేకుకి తగిలించా. ఆ తర్వాతే మీకు ఫోన్ చేశా."

ఇలాంటి మాట అబద్ధంగా ఎవడూ చెప్పుకోడు. ఇది నిజమైతే డ్రమ్ము సంగతీ నిజమే. మేస్త్రికి రెండు నిజాలూ ఒక్కసారే అర్థమైనట్టున్నాయి. లివరు మీంచి చెయ్యి తీశాడు. డ్రమ్ములోంచి పైపు పైకి లాగి, మూతికి మూత బిగించి, నేలమీద పెట్టాడు. ఆ మరుక్షణం అవతల ముఠా వాళ్లు మెయిన్ చక్రం మళ్లీ తిప్పారు. గోడలో పాత పైపు దగ్గి, బుసకొట్టి, నిండింది. కింద నాలుగు వందల ఇళ్లలో ఎవరో అన్నం గిన్నెలు కడుక్కోవడం మొదలుపెట్టి ఉంటారు.

బయట పోలీసు వ్యాన్ దగ్గర మేస్త్రి ఆగాడు. "ఎక్కడ కూర్చోమంటారు సార్?" అని అడిగాడు. పాతికేళ్లలో ఆయన వాషర్‌ని మీరు అనడం అదే మొదలు. తన చేతులకే సంకెళ్లు వేసినా వాషర్‌కి అంత నొప్పి పుట్టేది కాదు.

వాషర్ తన రిపోర్టులో బకెట్ సంగతి పూర్తిగా రాశాడు. చీఫ్ ఆ పేజీ చదివి, ఇది ఈ కేసుకి సంబంధించింది కాదంటూ చించి వెనక్కిచ్చాడు. మెడల్ కూడా ఇస్తానన్నాడు. వాషర్ వద్దన్నాడు, ఏదైనా శిక్ష ఉంటే ఇమ్మన్నాడు. చీఫ్ దాన్ని జోకనుకుని నవ్వాడు.

భయం ఎంత పనైనా చేయిస్తుంది. అన్నేళ్లు అర్జీల కింద నలిగిన వాల్వులు వారంలో మంజూరయ్యాయి. పాత లైన్లు తెలిసినవాడు మరొకడు లేడు గనక, మేస్త్రిని రోజూ జైలు నుంచి తీసుకొచ్చి ఇంటింటికీ వాల్వ్ బిగించే పని ఒప్పజెప్పారు. కాపలా డ్యూటీ వాషర్ అడిగి వేయించుకున్నాడు. ఆయన పానా నంబరు చెబుతాడు, ఇతను అందిస్తాడు. నెల రోజుల్లో ఇద్దరి మధ్యా నంబర్లు తప్ప మరో మాట లేదు.

రెండు వందల పదిహేడో ఇల్లు వాషర్‌ది. మేస్త్రి పెరట్లో ఎటూ చూడకుండా మీటరు దగ్గర కూర్చున్నాడు. వాల్వ్ బిగించాడు, కుళాయి తిప్పి పరీక్షించాడు, గుడ్డతో తడి తుడిచాడు. లేస్తాడనుకుని వాషర్ సంచీ సర్దబోయాడు. ఆయన చెయ్యి మళ్లీ చాచాడు.

"ఇంకో వాల్వ్ ఇవ్వండి సార్. ఈ ఇంటికి రెండు ఉండాలి."