చాంద్ బీ చివరి శాంపిల్

ఉదయం పదిన్నరకు ఆదోని మార్కెట్ యార్డు ముందు నంబర్ ప్లేట్ లేని లారీ ఒకటి చాంద్ బీని గుద్ది ఆగకుండా పోయింది. పదకొండుకు ఏజెంట్ యాసర్ ఫోన్ మోగింది.

"యాక్సిడెంట్ కాదు, హత్య," అన్నాడు చీఫ్. "కొవ్వు తిన్నాక మన పేగు కణాలు సన్నటి పొర రేణువులను వదులుతాయి. అవి రక్తంలోకి కూడా వస్తాయి. ఆమె రేణువులు బ్యాక్టీరియా విషాన్ని పదింతలు గట్టిగా విరిచేస్తాయి. గోనెగండ్లలో పదకొండు మంది పిల్లలకు పేగు పొర దెబ్బతింది. వాళ్ళకు వేరే మందు లేదు."

"శాంపిల్?"

"నిన్న మధ్యాహ్నం మన డాక్టర్ సుధారాణి తీసింది. ఒక్కటే. ఎమ్మిగనూరు ల్యాబ్‌లో ఉంది. ఇంకో శాంపిల్ దొరకకుండా ఆమెను చంపిన విదేశీ ముఠా ఇప్పుడు దాన్ని ఎత్తుకుపోయి పేటెంట్ చేయించుకుంటుంది. వెళ్ళు."

చీరల వ్యాపారి వేషంలో యాసర్ చేరేసరికి ల్యాబ్‌లో ఐస్ బాక్స్ లేదు. సుధారాణి కూడా లేదు.

"ఇప్పుడే కారులో పోయిందప్పా," అన్నాడు వాచ్‌మన్ మాదన్న. "మనిషి పోయినా సెంటు వాసన పోలే."

బాక్స్ అడుగున చీఫ్ ముందే అతికించిన ట్రాకర్ ఆదోని స్టేషన్ దారి చూపించింది.

యాసర్ అక్కడికి చేరేసరికి ముంబై రైలు కదులుతోంది. పట్టుచీర, నల్లద్దాల సుధారాణి రైలు గుమ్మంలో నిలబడి, లోపలి తెల్లమనిషికి బాక్స్ అందిస్తోంది.

"లేటయినావు యాసర్," అంది నవ్వుతూ.

యాసర్ పరుగెత్తి బాక్స్ హ్యాండిల్ పట్టుకున్నాడు. రైలు ముందుకు, అతను వెనక్కు. బాక్సుతో సహా ప్లాట్‌ఫాం మీద పడ్డాడు. గుమ్మంలో పట్టు తప్పి సుధారాణి కూడా కింద పడింది. రైల్వే పోలీసులు ఆమెను పట్టుకున్నారు.

సాయంత్రం ల్యాబ్‌లో టెక్నీషియన్ ప్రమీల మెషిన్ ముందు నుంచి లేచింది. "సీల్ సరిగ్గానే ఉందన్నా. రక్తం చాంద్ బీదే. కానీ రేణువులు లేవు. ఈమె ఏమీ తినలేదు."

"శాంపిల్‌కి రెండు గంటల ముందు గ్లాసు నెయ్యి తాగించారు కదా?" అన్నాడు యాసర్.

యాసర్ చాంద్ బీ ఇంటికి పోయాడు. కోడలు తస్లీమా కళ్ళు తుడుచుకుంది.

"రంజాన్ గదన్నా. అత్త రోజా ఉపవాసంలో ఉండె. తాగనంటే డాక్టరమ్మ చిన్నబుచ్చుకుంటాదని తాగినానని సెప్పింది. ఆ నెయ్యి మేమే సాయంత్రం ఇఫ్తార్‌లో పోసుకుంటిమి."

బయటికొచ్చి ఫోన్ చేశాడు.

"శాంపిల్ దక్కిందా?" అన్నాడు చీఫ్.

"దక్కింది సార్."

"మరి పిల్లలు?"



"ముఠాకు ఏమీ దొరకలేదని రిపోర్టులో రాసుకోండి సార్. మనకూ అంతే."