కుప్పమ్మ ఒప్పారి

అమావాస్య సాయంకాలం... గుడియాత్తం మీద కారుమబ్బు కమ్ముకొస్తోంది.

"కాఫీలో ఇంత చక్కెరా? నాకు షుగరుండాదని తెలీదా?" ఆదిమూలం గ్లాసు పక్కకు నెట్టాడు.

"ఒక స్పూనే వేసినా నాయనా! అమ్మ కలిపిస్తే మాత్రం గమ్మున తాగతా ఉంటివి," అంది కూతురు హేమప్రియ.

ఆ అమ్మ, కుప్పమ్మ, పోయి ఏడాది. చావు ఇంట ఆమె తెలుగులో ఒప్పారి ఎత్తితే పాడె మోసేవాళ్ల కాళ్లు ఆగిపోయేవి. ఆ ఏడుపు పాటలు తల్లితోనే పోకూడదని, వేలూరులో చదివిన హేమప్రియ వాటిని తల్లి ఉండగానే రికార్డు చేసి ఏఐకి ఆమె గొంతు నేర్పింది. అడిగితే అది కొత్త పాటలూ కడుతుంది. అయితే కుప్పమ్మ కట్టుబాటు ఒకటుంది... బతికున్నవాళ్ల పేరు ఒప్పారిలో పలికితే, ఆ ప్రాణం పోయేదాకా పాట ఆగదు!

ఆ గొంతులోకి కుప్పమ్మ ఆత్మను దింపుతానని నాట్రంపల్లి మాంత్రికుడు వెంకటాద్రి ఆదిమూలానికి ఆశపెట్టాడు. కాఫీ వదిలేసి ఆదిమూలం కూతురి లాప్‌టాప్‌ను చాటుగా, వెంకటాద్రి కాచుకున్న మామిడితోట షెడ్డుకు తీసుకుపోయాడు. అనుమానంతో హేమప్రియ వెంటే నడిచింది.

ఉరుము! ఎక్కడో గుడ్లగూబ అరిచింది. కపాలం పక్కన లాప్‌టాప్ తెర వెలిగింది. దాని మీద కుంకుమ చల్లి వెంకటాద్రి గర్జించాడు.

"హేమప్రియ పేరెత్తి పాడు!"

"సామీ! నా బిడ్డ పేరెందుకు?"

"పెళ్లాం కావాలంటివి గదా? ఒకరొస్తే ఒకరు పోవాల!"

"హేమా... నా హేమా..." కుప్పమ్మ గొంతు లేచింది. గుమ్మంలో హేమప్రియ కుప్పకూలింది. కళ్లు తేలేసింది. అదే పాట ఆమె నోటినుంచీ రాసాగింది!

ఆగకూడని పాట హఠాత్తుగా తెగింది. తెంపింది కుప్పమ్మే.

"కన్నబిడ్డకు నేను ఒప్పారి పాడతానా? ఒరే వెంకటాద్రీ..."

ఈసారి వాడి పేరు, వాడి ఊరు, వాడి వంశం... ఒక్కొక్కటే పాటలోకి ఎక్కాయి. వాడు చెవులు మూసుకున్నాడు, హేమప్రియ కాళ్లు పట్టుకున్నాడు, కేకలు పెట్టాడు. చివరి చరణానికి కపాలం మీద బోర్లా పడ్డాడు. మళ్లీ లేవలేదు.

"తిన్నావా అమ్మా?" హేమప్రియ నోటితోనే కూతుర్ని మెల్లగా అడిగి, ఆ గొంతు వెళ్లిపోయింది.

మరునాడు మధ్యాహ్నం కంచాల్లో సంగటి ఆరిపోతోంది. ఆదిమూలం తల ఎత్తలేదు.

"నన్ను క్షమించొద్దు తల్లీ. మీ అమ్మ గొంతు మాత్రం ఒక్కసారి వినిపించు... ఒక్కసారే."

హేమప్రియ చేతిలో ముద్ద అలాగే ఉంది.

"అన్నీ చెరిపేస్తా నాయనా. పాటలు, గొంతు, ఏదీ ఉండదు. ఉంటే... రేపు నేనే ఇంకెవరిదో పేరు చెప్పి, అమ్మను రమ్మంటా."