వెనకింటి హాజరు

మా వెనక సందులో రెండంతస్తుల ఖాళీ ఇల్లు ఒకటుంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. నీళ్ళ క్యాన్లు వేసే అతను సందు మొదట్లోనే బండి ఆపేసి, "వచ్చి పట్టుకెళ్ళండి" అని ఫోన్ చేస్తాడు. కరెంటు మీటరు చూసే కుర్రాడైతే గేటు బయటే నిలబడి, మనుషులే లేని ఇంట్లో ఎంత కాలి ఉంటుందో ఊహించుకుని వెళ్ళిపోతాడు.

ఎందుకంటే... రాత్రిపూట ఆ ఇంటి కింది కిటికీలో ఎర్రటి కన్ను కనిపిస్తుందట. రెండు కాదు, ఒక్కటే! కాసేపు మండుతుంది, కాసేపు ఆరుతుంది. ఆ తర్వాత లోపల్నుంచి ఒక బొంగురు గొంతు, ఎవరో పిలిస్తే పలికినట్టు—

"ఉన్నా..." అంటుందట.

అక్కడ ఏం జరిగిందో నాకు సోడాబుడ్డి చెప్పింది. సోడాబుడ్డి అంటే ఆ ఇంటికి వెనక గోడ కలిసే పరుపుల దుకాణం వాళ్ళమ్మాయి. పదో తరగతి. కళ్ళద్దాలు అంత మందం. పుస్తకాల కోసం నా దగ్గరికొస్తుంది. నాకు ఈమధ్య ఏదీ గుర్తు నిలవడం లేదు కాబట్టి, విన్నది విన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

ముందు సోడాబుడ్డి వాళ్ళింటి ఆచారం ఒకటి చెప్పాలి. కింద దుకాణం, పైన కాపురం, ఎటు చూసినా దూది. గదుల్లో, మెట్ల కింద, మంచాల కింద దూది మూటలే. సోడాబుడ్డి పుట్టకముందు ఒకసారి ఆ దూది అంటుకుంది. తాతయ్య అందరినీ ఒక్కొక్కరినీ పిలిచి, పలికినవాళ్ళని పలికినట్టు బయటికి లాగి, ఆఖర్న తను వచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో అగ్గిపుల్ల గీయడం నిషేధం, రాత్రి తలుపు గడియ పెట్టేముందు హాజరు తప్పనిసరి.

తాతయ్య తర్వాత ఎప్పుడో జ్వరంతో పోయాడు. హాజరు మాత్రం పోలేదు. నానమ్మ పెరటి గుమ్మంలో నిలబడి అందరినీ పిలుస్తుంది. ఆఖర్న "ఏమండీ" అని ఆయన్ని కూడా పిలుస్తుంది. పలుకు రాకపోతే గడియ పెట్టదు. అందుకని ఇంట్లో చిన్నవాళ్ళెవరో వాళ్ళు గొంతు బొంగురు చేసి, "ఆఁ... ఉన్నా" అనాలి. ఆ ఉద్యోగం సోడాబుడ్డిది. బడిలో ఎవరికైనా తెలిస్తే ఇంకేమైనా ఉందా? ప్రాణం పోయినా చెప్పలేదు.

ఆ వారం బడివాళ్ళు పిల్లల్ని కొండల మీదికి టూరు తీసుకెళ్తున్నారు. స్నేహితురాళ్ళు, నోరు మూయని 'మైక్', తాడిచెట్టంత 'పొడుగు', అప్పుడే బట్టలు సర్దేసుకున్నారు. సోడాబుడ్డికి వాళ్ళమ్మ ఒకటే మాట చెప్పింది: "చీకటి పడ్డాక గడప దాటావని తెలిసిందో, టూరూ లేదు గీరూ లేదు."

ఆ మాట మైక్ చెవిన పడింది. ఇంకేం!

"గడప దాటొద్దంది గానీ గోడ దూకొద్దనలేదుగా! ఆ దెయ్యాల మేడెక్కి కిటికీలోంచి ఫోన్ లైటు చూపించు. అప్పుడు ఒప్పుకుంటాం నువ్వు మా జట్టని."

"లేకపోతే?"

"లేకపోతే బస్సులో టీచరు పక్కన కూర్చో."

ఈ వయసు పిల్లకి దెయ్యం కంటే అదే భయం.

భోజనాలయ్యాయి. చదువుకుంటానని పైకి వెళ్ళినట్టే వెళ్ళి, పెరటి గోడ దూకింది. ఆ ఇంటి వెనక తలుపుకి గడియ లేదు. తోస్తే తెరుచుకుంది... లోపల బూజు వాసన. మెట్లెక్కుతుంటే మధ్యలో ఒక మెట్టు లేదు. కాలు జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

మేడ మీది కిటికీలోంచి లైటు చూపించింది. కింద సందులో మైక్, పొడుగు చేతులూపారు. అయిపోయింది. ఇక దిగడమే—

కింద తలుపు కిర్రుమంది.

గాలి అనుకుంది.

గాలికి చెప్పుల చప్పుడు ఉండదు కదా...

లైటు ఆర్పేసి గోడకి అతుక్కుపోయింది. సందులోంచి పొడుగు గొణుగుడు వినిపించింది: "ఒసేయ్... ఎర్ర కన్ను!"

సరిగ్గా అప్పుడు, గోడ అవతల్నుంచి నానమ్మ హాజరు మొదలైంది.

"పెద్దోడా!"

పెద్దోడంటే నాన్న. నాన్న పలికాడు. "ఉన్నా..."

నాన్న గొంతే. కానీ అది గోడ అవతల్నుంచి రాలేదు. తన కాళ్ళ కింది గదిలోంచి వచ్చింది.

దెయ్యాలు తెలిసినవాళ్ళ గొంతుతోనే పలుకుతాయని ఎక్కడో చదివింది. 

"కోడలా!"

"ఉన్నానత్తయ్యా!" ఇది మాత్రం ఇంట్లోంచే.

"బుజ్జులూ!"

ఇక తన వంతు. పలికితే కిందున్నదానికి తను మేడ మీదున్నట్టు తెలిసిపోతుంది. పలకకపోతే అమ్మ పైకి వెళ్ళి చూస్తుంది. ఖాళీ మంచం, ఖాళీ కుర్చీ... టూరు గోవిందా.

సోడాబుడ్డి టూరునే ఎంచుకుంది. వెనక కిటికీలోంచి తల బయటపెట్టి, "ఉన్నా నానమ్మా!" అంది.

కింద చెప్పుల చప్పుడు ఠక్కున ఆగింది.

"ఏమండీ..."

ఈసారి పలకలేకపోయింది.  బొంగురు చేయాల్సిన పనే లేదు, అసలు గొంతంటూ ఉంటేగా.

"ఏమండీ!"

కింద ఎవరో దగ్గారు. ఆ వెంటనే... నిదానంగా... ముసలి గొంతు—

"ఆఁ... ఉన్నా."

సందులో పరుగు. పుట్టాక మొదటిసారి మైక్ నోట చప్పుడు రాలేదట. ఒక జత చెప్పులు అక్కడే వదిలి, ఇద్దరూ మాయం.

అడుగులు మెట్లెక్కుతున్నాయి. చీకట్లో... తడుముకోకుండా. లేని మెట్టు దగ్గర ఆగలేదు. దాన్ని దాటి పైన అడుగు వేశాయి. గుమ్మంలో ఒక ఆకారం. నెత్తంతా తెలుపు. భుజాలు తెలుపు. కనుబొమ్మలు కూడా తెలుపు...

"అరవకే తల్లీ. మీ అమ్మ వింటుంది."

"నాన్నా?"

నెత్తి మీద దూది దులుపుకున్నాడు. "మరి తాతయ్యనుకున్నావా? ఆయనది కూడా నేనే పలకాల్సొచ్చింది నీ వల్ల. ఇక్కడ నీకేం పని?"

"నీకేం పని?"

నాన్న చెయ్యి వెనక దాచుకున్నాడు. దాచుకుంటే వాసన దాగుతుందా?

"సిగరెట్టా! మానేశానని అమ్మ మీద ఒట్టేశావుగా?"

"మెల్లగా! ఆ దూదిలో ఎక్కడ కాల్చమంటావు? పొద్దస్తమానం కుట్టి కుట్టి, ఒక్కటంటే ఒక్కటి..."

"అంటే... దెయ్యం నువ్వేనా?"

"దెయ్యమేంటి దెయ్యం! మా అమ్మ పిలుస్తుంది, పలుకుతాను. పలకొద్దా?"

"పాపం, ఈ ఇంటి ఓనరుకి నీ వల్లే అద్దెకి ఎవరూ దొరకట్లేదు."

"అందుకే ఆయన పరుపులకి కుట్టుకూలి తీసుకోను," అన్నాడు నాన్న నిజాయితీగా.

చీకట్లోనే ఒప్పందం కుదిరింది. నువ్వు నన్ను చూడలేదు, నేను నిన్ను చూడలేదు. ముందు కూతురు, వెనక తండ్రి గోడ దూకారు.

పెరట్లో నానమ్మ పీట వేసుకుని కూర్చుంది.

"కాళ్ళు కడుక్కోండి ఇద్దరూ."

"లేదమ్మా, నేనిక్కడే..." అని నాన్న మొదలుపెట్టాడు.

"ఊరుకోరా. మనింట్లో గొంతు దూదిలోంచి వస్తుంది, మెత్తగా. మీ ఇద్దరివీ ఖాళీ కుండలో మాట్లాడినట్టు గణగణమన్నాయి. ఇన్నేళ్ళుగా వింటున్నాను నీది. ఎక్కడున్నా పలుకుతున్నావు, అదే చాలనుకున్నాను."

సోడాబుడ్డి పీట దగ్గరికి జరిగింది. "నానమ్మా... టూరు?"

"వెళ్ళు. మీ అమ్మకి నేను చెప్తాను. కానీ అక్కణ్ణుంచి కూడా రోజూ ఫోన్లో హాజరు పలకాలి. నీదీ, ఆయనదీ."

వెళ్ళింది. బస్సులో టీచరు పక్కన కాదు, మైక్ పక్కనే కూర్చుంది. కొండ మీది బసలో ఏకంగా చివరి గది వాళ్ళకే దొరికింది. రాత్రి పొద్దుపోయేదాకా నవ్వులు, దిండ్లతో కొట్టుకోవడాలు.

తెల్లారి ఫలహారాల దగ్గర బస వంటావిడ గరిటె పట్టుకుని వంగి, పిల్లల చెవిలో అంది:

"చివరి గదిలో పడుకున్నది మీరేనా అమ్మా? ఈ రాత్రి గది మార్చమనండి. మీరు నిద్రపోయాక ఆ గదిలోంచి ఎవరో ముసలాయన పలికాడు... 'ఆఁ, ఉన్నా' అని."

మైక్ చేతిలో పళ్ళెం కింద పడింది. సోడాబుడ్డి మాత్రం తినడం ఆపలేదట, తలెత్తితే నవ్వొస్తుందని.

"అయితే ఫోన్లో తాతయ్యలా పలికింది నువ్వేగా?" అన్నాను నేను.

"అప్పటిదాకా నవ్వు ఆపుకున్నది అందుకే కదా. నిద్రమత్తులో ఫోన్ ఎత్తి నేనే పలికి ఉంటాననుకున్నా," అంది కళ్ళజోడు తుడుచుకుంటూ. "తర్వాత ఫోన్ తీసి చూశాను. కొండ మీద సిగ్నల్ లేదు. రాత్రి ఇంటి నుంచి ఫోనే రాలేదు. ఆటలో పడి హాజరు సంగతే మరిచిపోయాను."

ఇంటికొచ్చి నానమ్మని క్షమించమని అడిగితే, నానమ్మ నవ్విందట. "అదేంటే? నువ్వూ, ఆయనా ఇద్దరూ పలికారుగా. విన్నాకే గడియ పెట్టాను."

వాళ్ళ నాన్న తేలిగ్గా తీసేశాడు. "మీ నానమ్మకి మతిమరుపు ఎక్కువైంది. ముందురోజుది గుర్తొచ్చి ఉంటుంది," అన్నాడు.

మతిమరుపు సంగతి నాకు తెలియనిదా! అయ్యుండొచ్చు.

మరి కొండ మీది వంటావిడ మాటో?